నింపే కుళాయి, ఖాళీ చేసే కుళాయి

బీన్స్ తరుగుతూ లెక్కలు చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. చెబుతున్నంతసేపూ ఇంట్లోవాళ్లు నోరు మెదపకుండా ఉండటమే కష్టం. ఆ పొద్దున లెక్కల టీచరు ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, రికార్డింగు నొక్కి, "పిల్లలూ, ఒక పనిని ఒకరు ఆరు గంటల్లో చేస్తే, గంటలో ఎంత భాగం చేసినట్టు?" అని అడిగింది. పిల్లలు ఆలోచించుకోవాలి కదా అని ఒక్క క్షణం ఆగింది. సరిగ్గా ఆ క్షణంలోనే పడగ్గదిలోంచి భర్త, "నా నీలం చొక్కా ఎక్కడా?" అని కేకేశాడు. ఉండాల్సిన చోటే ఉంది, అలమరలో రెండో అరలో. అదే చెప్పింది. ఆ చెప్పడం కూడా రికార్డింగులో పడింది. మళ్లీ మొదటినుంచి చెబుదామంటే పొయ్యి మీద కూర అడుగంటుతోంది, అత్తగారి మందుల వేళ అవుతోంది, బస్సు వచ్చే టైమైంది. పోనీలెమ్మని అలాగే బోర్డులో పెట్టేసింది.

బోర్డంటే గోడకు వేలాడే నల్లబోర్డు కాదు. ఇంటర్నెట్‌లో ఉండే అంతులేని తెల్లకాగితం అనుకోండి. లింకు ఉన్నవాళ్లందరూ ఒకేసారి అందులోకి వెళ్లొచ్చు. రాయొచ్చు, బొమ్మలు గీయొచ్చు, గొంతు రికార్డు చేసి పెట్టొచ్చు, వీడియో అతికించొచ్చు. ఎవరెక్కడ రాస్తున్నారో రంగురంగుల బాణాలు కదులుతూ చూపిస్తాయి. దీన్నెలా వాడాలో ఆమెకు స్కూలువాళ్లెవరూ నేర్పలేదు. సెలవుల్లో ఒక ఆన్‌లైన్ పాఠాన్ని చెవిలో పెట్టుకుని, అంట్లు తోముతూ నేర్చుకుంది. "ఈ వయసులో నీకు వీడియో గేములేంటి?" అని భర్త నవ్వాడు. స్టాఫ్‌రూములో సీనియర్ మాస్టారు, "సుద్దముక్క అరిగితే లెక్క వస్తుందమ్మా, వేళ్లు అరిగితే రాదు" అని సూక్తి వదిలాడు.

ఆయన మాట ఎలా ఉన్నా, బోర్డు వచ్చాక ఎనిమిదో తరగతి రూపే మారిపోయింది. ఏడాదంతా నోరు విప్పని ఒకడున్నాడు. క్లాసులో వాణ్ని మౌనముని అంటారు. వాడు ఒక త్రిభుజం గీసి, దాని పక్కనే రహస్యం చెబుతున్నట్టు చిన్న గొంతుతో నిరూపణ మొత్తం రికార్డు చేసి పెట్టాడు. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. బస్సులో కూర్చుని అది విని, ఆమె కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఇంతకాలం వీడికి లెక్కలు రావనుకున్నాను, నలుగురిలో మాట్లాడటం రాదంతేనని తెలిసింది. పిల్లవాడికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఇక ఆ పొద్దుటి రికార్డింగు సంగతి. మధ్యాహ్నానికల్లా దాని కింద జవాబులు వచ్చాయి. అందరూ ఆరో వంతు అని సరిగ్గానే రాశారు. అందరికంటే కింద, ఎర్ర రంగులో ఒక ప్రశ్న ఉంది: "చొక్కా వెతికి చెప్పడం కూడా పనే కదా టీచర్? అది ఎవరి పనిలో కలపాలి?"

రాసింది ప్రశ్నల పుట్ట. పళ్ల డాక్టరుగారమ్మాయి. దేనికైనా ఒక ప్రశ్న మిగుల్చుకోకపోతే ఆ పిల్లకు అన్నం అరగదు. టీచరు ముందు నవ్వింది. తర్వాత ఆ ఎర్ర అక్షరాల వైపు చూస్తూ ఉండిపోయింది. పిల్ల అడిగింది సబబుగానే ఉంది. జవాబు మాత్రం పాఠ్యపుస్తకంలో లేదు. ఆ సాయంత్రం బోర్డులో కొత్త ఇంటిపని పెట్టింది: "కాలం-పని పాఠానికి మీ ఇంట్లోంచే ఒక లెక్క తయారు చేయండి. వీడియో తీయండి, బొమ్మ గీయండి, గొంతుతో చెప్పండి, మీ ఇష్టం. ఒకరు పెట్టిన లెక్కను ఇంకొకరు చెయ్యాలి."

లెక్కలు వరదలా వచ్చిపడ్డాయి. అన్నింట్లోనూ చేతులే. అన్నం వార్చే చేతులు, బట్టలు పిండే చేతులు, చెల్లెలికి జడ వేసే చేతులు. తీస్తున్నవాళ్లు పిల్లలు కాబట్టి ఫోను వాళ్ల ఎత్తులోనే ఉంటుంది, అమ్మల ముఖాలు కనిపించవు, నడుము నుంచి మోచేతుల దాకానే. ఒకటి రెండింట్లో నాన్నల చేతులున్నాయి. ఇక ప్రశ్నల పుట్ట పెట్టిన వీడియో అయితే వేరే లోకం. ఒక పెద్ద తొట్టి బొమ్మ గీసి, పైన ఒక కుళాయి, కింద ఒక కుళాయి పెట్టింది. కింది కుళాయికి కళ్లజోడూ మీసమూ ఉన్నాయి. "మా ఇల్లు తొట్టి" అని పిల్ల గొంతు చెబుతోంది. "సర్దడం అంటే నింపడం. అమ్మ నింపే కుళాయి. నాన్న వచ్చాక చొక్కా సోఫా మీద, ప్లేటు టీవీ దగ్గర, తడి తువ్వాలు మంచం మీద. కాబట్టి నాన్న ఖాళీ చేసే కుళాయి. రెండూ ఒకే వేగంతో తెరిచి ఉంటే తొట్టి ఎప్పటికి నిండుతుంది?"

దాని కింద మౌనముని జవాబు: "నింపేది తీసివేత ఖాళీ చేసేది, సున్నా. ఎప్పటికీ నిండదు."

లెక్క నిక్కచ్చిగా సరైనదే. ఆమె పెద్ద టిక్కు పెట్టింది.

అక్కడితో ఆగితే కథే ఉండేది కాదు. మర్నాడు పొద్దున ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను పట్టుకుని, బోర్డులోకి ఇంకా రాని పిల్లలకోసం లింకు మళ్లీ పంపబోయింది. పిల్లల గ్రూపూ, తల్లిదండ్రుల గ్రూపూ పక్కపక్కనే ఉంటాయి. అత్తగారు "అమ్మాయ్, వేడినీళ్లు" అన్నారు, భర్త "ఫోను చార్జరు?" అన్నాడు, ఆమె బొటనవేలు పక్క గ్రూపు మీద పడింది. పైగా ఆ లింకు చూసేవాళ్లది కాదు, దిద్దేవాళ్లది. అంటే వెళ్లినవాళ్లెవరైనా అందులో చెయ్యి పెట్టి రాయొచ్చు. రెండు పనులు ఒకేసారి చేసే మనిషి తప్ప ఇలాంటి పొరపాటు ఇంకెవరూ చెయ్యరు.

స్కూలుకెళ్లి చూసుకునేసరికి బోర్డంతా బాణాలు. అమ్మలు వచ్చేశారు. వాళ్లు వచ్చి ఊరికే చూసి పోలేదు, లెక్కలు దిద్దారు. బస్సు కండక్టరుగా పనిచేసే ఒకావిడ, కొడుకు రాసిన "అమ్మ గంటలో వంట చేస్తుంది" అన్న వాక్యం కింద, "గంటా! సరుకులు తెచ్చింది ఎవరు, తరిగింది ఎవరు, రేపేం వండాలో రాత్రంతా ఆలోచించేది ఎవరు? అవన్నీ కలిపి మళ్లీ చెయ్యి నాయనా" అని రాసింది. ఇంకొకావిడ రాయడం ఇష్టంలేక గొంతు రికార్డు చేసింది. "టీచరుగారూ, మా ఇంట్లో నేను పని చేస్తూ మధ్యలో పాపకి పాలిస్తాను. రెండు పనులూ ఒకే టైములో అయితే ఎలా లెక్కెయ్యాలండీ?" ఒక నాన్న కూడా వచ్చాడు. "మా ఇంట్లో వంట నాది. మావాడు రాయడం మర్చిపోయాడు" అని పెట్టి వెళ్లాడు. పాఠ్యపుస్తకంలో ఒకరు, ఇద్దరు, ఆరు గంటలు, మూడు రోజులు అని పొడిపొడిగా ఉండే లెక్కలకు ఒక్క పూటలో రక్తమాంసాలు వచ్చాయి. ఆమెకు భయం వేయాల్సింది. ముందు వేసింది మాత్రం కృతజ్ఞత. ఎవరో తెలియని ఆడవాళ్లు, తీరిక లేని పొద్దుటిపూట, తన పాఠాన్ని తనకంటే బాగా చెప్పిపెట్టి పోయారు.

భయం మూడో పీరియడు తర్వాత వచ్చింది. ప్రిన్సిపాల్ మేడం పిలిచింది.

"పళ్ల డాక్టరుగారు ఫోన్ చేశారు. ఇంటిగుట్టు వీధిన పెట్టించారని ఒకటే గోల. ఇంకో ఇద్దరు కూడా చేశారు. నేనూ ఇల్లు నడిపేదాన్నేనమ్మా, నాకు తెలీదా? కానీ అడుసు తొక్కనేల, కాలు కడగనేల. శనివారం మీటింగులోగా ఆ బోర్డు తీసెయ్యండి. మీటింగులో లేచి, పొరపాటైంది క్షమించండి అనండి. కాదూ కూడదంటే ఎనిమిదో తరగతిని మాస్టారికిచ్చి, మీకు చిన్న క్లాసులు ఇవ్వాల్సొస్తుంది."

"సరే మేడం. థాంక్యూ" అంది ఆమె. బయటికొచ్చాక, ఎందుకు థాంక్యూ చెప్పానా అనుకుంది.

థాంక్యూ చెప్పడం ఆమెకు ఊపిరి తీసినంత అలవాటు. పెళ్లయిన కొత్తలో "నువ్వు ఉద్యోగం చేసుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు" అని భర్త అన్నప్పుడు చెప్పింది. అమ్మ, పిన్ని, పక్కింటివాళ్లు అందరూ "మీ ఆయన బంగారం, పల్లెత్తు మాట అనడు" అంటే, ఔనని తలూపింది. నిజమే, అనడు. కొట్టడు, తిట్టడు, తాగడు. ఎప్పుడైనా ఆమె నడుం పట్టుకుని కూర్చుంటే, "చెప్తే చేస్తాను కదా, చెప్పాలి మరి" అంటాడు. చెబితే చేస్తాడు కూడా. గిన్నెలు కడిగి, స్టవ్ పక్కన బోర్లించి, చేతులు తుడుచుకుంటూ ఆమె ముందు నిలబడతాడు. ఆమె థాంక్స్ అనేదాకా కదలడు. ఏ పని ఎప్పుడు చెయ్యాలో గుర్తుపెట్టుకోవడం, అలగకుండా చెప్పడం, చేశాక మెచ్చుకోవడం, ఇవన్నీ ఆమె వంతు. అదంతా చేసే బదులు గిన్నెలు కడుక్కోవడమే తేలిక. అందుకే చెప్పడం మానేసింది. మానేసినందుకు కూడా ఆయనకే మంచిపేరు వచ్చింది. "మా ఆవిడకి తన చేత్తో చేస్తే గానీ తృప్తి ఉండదు" అని చుట్టాలకు చెబుతాడు. కూతురు హాస్టలుకు వెళ్తూ, "అమ్మా, నువ్వు ఎప్పుడైనా ఖాళీగా కూర్చోగా చూడలేదే" అంది. అది ప్రేమో, జాలో, తెలియక ఆమె ఆ మాటని ఎక్కడో లోపల దాచుకుంది.

ఆ సాయంత్రం సంగతంతా భర్తకు చెప్పింది.

"ఒక సారీ పారేస్తే పోయేదానికి అంత ఆలోచనేంటి?" అన్నాడు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. "పాపం ఆ డాక్టరు పరువేం కావాలి? నువ్వసలు లెక్కలు చెప్పమంటే ఇళ్లల్లో దూరడం ఎందుకు?"

"బోర్డు తీసేస్తే పిల్లలు చేసిందంతా పోతుందండీ."

"పోతే ఇంకోటి చేయించు. నీకు ఓపికెక్కువ కదా."

ఆమె లోపలికి వచ్చింది. టాబ్లెట్ తెరిచి, బోర్డు తీసేసే గుర్తు దగ్గరికి వెళ్లింది. "నిజంగానే తొలగించాలా?" అని అది మర్యాదగా అడిగింది. ఆఖరిసారి అని ప్రశ్నల పుట్ట వీడియో నొక్కింది. మంచం మీద పడుకున్న అత్తగారు తల తిప్పారు.

"ఏమిటే అది? ఎవరా పిల్ల? మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టింది. మీసమున్న కుళాయిని చూసి ఆవిడ లేచి కూర్చున్నారు. ఇంకోసారి పెట్టమన్నారు. మూడోసారికి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వారు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అత్తగారు అలా నవ్వడం ఆమె చూడలేదు.

"మీ మామగారు ఖాళీ చేసే కుళాయి కూడా కాదే అమ్మాయ్. ఆయనే తొట్టి. పోసేకొద్దీ ఇంకా పొయ్యమనేవారు, మహానుభావుడు" అన్నారు. నవ్వు సగంలో ఆగిపోయింది. "ఎంత చేసినా పని తెమిలేది కాదు. మా అత్తగారు, నీకు చురుకు లేదే అనేది. నిజమే కాబోలనుకున్నాను. నాకే చేతకాదనుకుంటూ ముసలిదాన్నయిపోయాను. కింద ఇంకో కుళాయి తెరిచి ఉందని నాకెవరూ బొమ్మ గీసి చూపించలేదు." ఆవిడ టాబ్లెట్ మీద వేలు పెట్టి, పిల్ల గీసిన తొట్టి అంచు వెంట మెల్లగా తిప్పారు. "ఇంత మంచిదాన్ని తుడిచేస్తావేంటే?"

ఇన్నేళ్లూ "నా కోడలు మాటకారి కాదు గానీ పనిమంతురాలు" అని మాత్రమే తనను మెచ్చుకున్న మనిషి. ఆ మాటలో మెప్పు ఎంతో, బరువెంతో తెలియక ఆమె మోస్తూ వచ్చింది. ఇప్పుడు ఆవిడ పక్కన మంచం అంచున కూర్చుని, ముడతలు పడిన ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇద్దరూ కలిసి మిగతా వీడియోలన్నీ చూశారు. కూర కాస్త మాడింది. టాబ్లెట్ ఇంకా "నిజంగానే తొలగించాలా?" అంటుంటే, వద్దు అన్న గుర్తు అత్తగారే నొక్కారు.

శనివారం మీటింగుకి హాలు నిండింది. పిల్లలు అమ్మానాన్నల పక్కన కూర్చున్నారు. పళ్ల డాక్టరు ముందు వరసలోనే ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు, మీసం. బొమ్మ బాగానే కుదిరిందని ఆమెకు అప్పుడే తట్టింది. నవ్వు ఆపుకుంది. ఆయన పక్కన భార్య తల వంచుకుని ఉంది. ఇంట్లోంచే ఏదో కంపెనీ కస్టమర్ల ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఆవిడది. ప్రిన్సిపాల్ మేడం కళ్లతోనే సైగ చేసింది, లేచి చెప్పెయ్యమని.

ఆమె లేచింది. "క్షమించండి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్లుగా నడిచిన దారే కదా, దానికి తోవ తెలుసు. గోడకున్న పెద్ద డిజిటల్ తెర మీద బోర్డు తెరిచింది.

"లింకు మీ గ్రూపులో పడటం నా పొరపాటే" అంది. "లెక్కలు మాత్రం పొరపాటు కాదు. పిల్లలు కష్టపడి చేశారు. ఇందులో ఏ లెక్కయినా తప్పుందనిపిస్తే వచ్చి దిద్దండి. చెరపడానికి మాత్రం నేను ఒప్పుకోను."

ప్రిన్సిపాల్ మేడం నుదురు రుద్దుకుంది. డాక్టరు లేచాడు.

"దిద్దమంటారా? దిద్దుతాను. నాకు లెక్కల్లో ఎప్పుడూ నూటికి నూరే" అంటూ వచ్చి, తెర ముందు నిలబడి, కూతురి లెక్కనూ, దాని కింది జవాబునూ పరీక్షగా చూశాడు. ముఖం వెలిగింది. "ఇదిగో తప్పు! నేను పగలంతా క్లినిక్‌లోనే ఉంటాను. మరి ఖాళీ చేసే కుళాయిని రోజంతా తెరిచే ఉంచితే ఎలా? నేను లేనప్పుడు అది కట్టేసి ఉన్నట్టే కదా! తొట్టి ఎప్పటికీ నిండదన్నది శుద్ధ తప్పు." టీచరు చేతిలోని పెన్ను తీసుకుని తెర మీద పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు, రాస్తూ పైకి చదివాడు. "నాన్న ఇంట్లో లేనప్పుడు తొట్టి నిండుతుంది. నాన్న ఇంట్లో ఉన్నప్పుడు..."

అక్కడ ఆగాడు. రెండడుగులు వెనక్కి వేసి, ఎక్స్‌రే చూసినట్టు తను రాసిందే చూశాడు.

ముందు నవ్వింది ఆయన భార్య. ఎంత ఆపుకున్నా ఆగలేదు, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వింది. తర్వాత కండక్టరమ్మ, తర్వాత హాలు హాలంతా. డాక్టరు ముఖం ఎర్రబడింది. భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. చివరికి ఆయనా నవ్వక తప్పలేదు, కాస్త సిగ్గుగా, పన్ను పీకించుకున్నవాడిలా.

"మరి ఇప్పుడు దీన్ని బాగుచేసేదెలా?" అని కూతుర్ని అడిగాడు.

"ఏముంది నాన్నా, నీ ముందున్న మైనస్‌ని ప్లస్ చేస్తే సరి. అప్పుడు సగం టైములోనే నిండుతుంది" అంది ప్రశ్నల పుట్ట.

ఆయన పెన్ను తిరిగి ఇచ్చేస్తూ, "దీన్ని ఉండనివ్వండి టీచరుగారూ" అన్నాడు మెల్లగా. టీచరు ఆయనకు నమస్కారం పెట్టింది. ఈసారి ఊరికే అలవాటుగా పెట్టింది కాదు. కోపంతో లేచిన మనిషి, నలుగురిలో తన జవాబు తానే చూసుకుని నిలబడటం తేలికైన పని కాదు. మీటింగయ్యాక ప్రిన్సిపాల్ మేడం వరండాలో ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మీ బోర్డులో ప్రిన్సిపాళ్లక్కూడా చోటుంటుందా? నా తొట్టి నిండక చాలా ఏళ్లయిందమ్మా" అంది. ఎనిమిదో తరగతి ఆమెకే ఉండిపోయింది.

అంతా వెళ్లిపోతుండగా ప్రశ్నల పుట్ట పరుగెత్తుకుని వచ్చింది. "టీచర్, అందరి ఇళ్లూ బోర్డులో ఉన్నాయి. మీ ఇల్లేది?"

"పెడతానమ్మా" అంది. బస్సులో దారి పొడుగునా ఆ ప్రశ్న ఆమె పక్క సీట్లోనే కూర్చుంది. అందరినీ దిద్దుకోమన్నాను, నా ఇల్లు మాత్రం చూపించకుండా దాచుకున్నాను, ఎందుకు? మా ఆయన పరువు కోసమా? కాదు. లెక్క వేస్తే జవాబు వస్తుంది. వచ్చాక రాలేదన్నట్టు బతకడం కుదరదు. భయం అదన్నమాట. భయాన్ని పేరు పెట్టి పిలిచేసరికి అది కాస్త చిన్నదైంది. కిటికీలోంచి ఎండ ఒళ్లో పడుతోంది. మౌనముని, కండక్టరమ్మ, పాపకి పాలిస్తూ లెక్క అడిగిన తల్లి, డాక్టరు, మంచం మీద నవ్విన అత్తగారు, ఇంతమంది కలిసి తనకు పాఠం చెప్పారు. వాళ్లందరికీ మనసారా కృతజ్ఞతలు చెప్పుకుంది. ఇలా చెప్పుకోవడంలో అలసట లేదు.

ఇంటికి వచ్చేసరికి భర్త సోఫాలో ఉన్నాడు. "ఏమైంది? సారీ చెప్పేశావా?"

"లేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు" అని ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీతో ఒక మాట చెప్పాలి. చెప్తే చేస్తానంటారు కదా. ఇదే ఆఖరిసారి చెప్పడం. రాత్రి గిన్నెలు, మీ బట్టలు, అత్తయ్య మందులు ఇవాళ్టి నుంచి మీవి. నేను గుర్తు చెయ్యను. చేశాక థాంక్స్ కూడా చెప్పను. నాకెవరూ చెప్పలేదుగా."

"ఇదేంటి కొత్తగా? నేను కాదన్నానా ఎప్పుడైనా..." అని ఆయన మొదలుపెట్టాడు.

పక్క గదిలోంచి అత్తగారు, "ఒరేయ్, నా మందులు ముందు తేరా" అని పిలిచారు. ఆయన ఇద్దరు ఆడవాళ్ల మధ్య కాసేపు అయోమయంగా నిలబడి, "ఏ మందు? ఎక్కడుంటాయి?" అని భార్య వైపే చూశాడు. ఆమె అత్తగారి గది వైపు చూపించింది. కొంతసేపటికి ఆయనే అటు వెళ్లాడు. డబ్బాలు మూతలు తీసి పెట్టే చప్పుడు వినిపించింది, మందు పేరు తల్లిని అడిగి తెలుసుకోవడం వినిపించింది. లేవబోయిన తన కాళ్లను ఆమె కష్టం మీద కుర్చీలోనే ఉంచుకుంది.

తర్వాత టాబ్లెట్ తీసి, బోర్డు చివర ఖాళీ చోట తన ఇంటి లెక్క రాసింది.

"ఒక ఇంటి పనంతా ఇన్నేళ్లూ ఒక్కరే చేశారు. ఇవాళ్టి నుంచి ఇద్దరు సమానంగా చేస్తారు. మొదటి మనిషికి ఎంత సమయం మిగులుతుంది? ఆ మిగిలిన సమయంలో ఆమె ఏం చేస్తుంది?"

పిల్లలకు ఏ లెక్క ఇచ్చినా జవాబు ముందే చేసి పెట్టుకోవడం ఆమె పద్ధతి. మొదటి ప్రశ్నకు చిటికెలో వచ్చేసింది. రెండో ప్రశ్న దగ్గర చాలాసేపు కూర్చుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో, జవాబు తనకే తెలియకుండా ఆమె బోర్డు మీద పెట్టిన మొదటి లెక్క అదే.